వేట ఎవరిది, వాటా ఎవరిది

గ్రీకు పురాణాల వేట బొమ్మలకు దొరికే వివరణలు ఎక్కువగా నిఘంటువు పద్ధతిలో ఉంటాయి. కుక్క అంటే విశ్వాసం, జింక అంటే నిర్మలత్వం, నెలవంక అంటే కన్యాత్వం, అంబులపొది అంటే కోరిక. ఈ పట్టికను చేతిలో పెట్టుకొని బోస్టన్ లలితకళల మ్యూజియంలోని ఒక మట్టిపాత్రను చూడండి. క్రీ.పూ. 470 ప్రాంతంలో ఏథెన్స్‌లో చేసిన పాత్ర అది. ద్రాక్షసారాలో నీళ్ళు కలపడానికి వాడేవారు. దాని మీద ఆక్టియోన్ అనే వేటగాడు వెనక్కి వాలి కూలిపోతున్నాడు. అతను పెంచిన కుక్కలే అతని గొంతునూ రొమ్మునూ పట్టుకున్నాయి. ఎదురుగా ఆర్టెమిస్ దేవత నింపాదిగా విల్లు ఎక్కుపెట్టి నిలబడింది. ఇక్కడ కుక్క విశ్వాసానికి గుర్తు అందామా? ద్రోహానికి గుర్తు అందామా? రెండూ కుదరవు. ఆ కుక్కలు తమకు నేర్పిన పనిని తూచా తప్పకుండా చేస్తున్నాయి.

పాత్ర గీసినవాడి పేరు మనకు దక్కలేదు. రెండోవైపు మేకల కాపరిని తరుముతున్న పాన్ దేవుడి బొమ్మ ఉండటం వల్ల పండితులు అతన్ని పాన్ పెయింటర్ అంటున్నారు. అతని పాత్రలో కుక్కలు చిత్రంగా చిన్నవి, ఆర్టెమిస్ నిలువెత్తుగా ఉంది. చంపుతున్నది కుక్కలే అయినా చంపిస్తున్నది ఎవరో చూసేవాడికి క్షణంలో తెలిసిపోవాలని అలా గీశాడనుకుంటాను.

నా వాదన ఇది. గ్రీకు కథల వేట బొమ్మల్లో అర్థం ఆయుధంలోనూ జంతువులోనూ విడివిడిగా లేదు, పంపకంలో ఉంది. వేటగాడికి ఏది దక్కింది, కుక్కలకు ఏది పడింది, దేవతకు ఏది చెల్లింది, అందులో ఏది ఎగవేశారు అని చూస్తే బొమ్మ తెరుచుకుంటుంది. ఇలా చూడాలంటే ఆ కాలపు వేట ఎలా నడిచేదో కొంత తెలిసి ఉండాలి. అదృష్టవశాత్తూ దాని మీద ఒక పాఠ్యగ్రంథమే మిగిలింది. సోక్రటీస్ శిష్యుడైన జెనొఫోన్ పేరు మీద వచ్చిన వేట శాస్త్రం అది, క్రీ.పూ. నాలుగో శతాబ్దిది.

అందులో ఎక్కువ పేజీలు కుందేలుకే పోయాయి. పురాణాల్లో కుందేలు వేటాడిన వీరుడు ఎవరూ గుర్తుకు రారు కాబట్టి ఇది విడ్డూరంగా అనిపించవచ్చు. కానీ రోజువారీ వేట అదే. దానికి మూడు రకాల వలలు కావాలి. సంచీలా ముడుచుకునే చిన్న వలకు తొమ్మిది పోగుల తాడు, దారికి అడ్డం కట్టే వలకు పన్నెండు పోగులు, మైదానంలో పరిచే పొడుగు వలకు పదహారు. ముందు వలలు కట్టాలి, అప్పటిదాకా కుక్కల్ని తాళ్ళతో దూరంగా ఆపాలి. వల కాసేవాడు ఇరవై ఏళ్ళ వయసువాడు, చురుకైనవాడు, గ్రీకు మాట్లాడేవాడు అయ్యుండాలి. తర్వాత అపోలోకూ వేటదేవత ఆర్టెమిస్‌కూ దొరికినదాంట్లో వాటా ఇస్తామని మొక్కుకోవాలి. అప్పుడు వాసన పట్టడంలో అన్నిటికన్నా నమ్మకమైన కుక్కను ఒక్కదాన్నే వదలాలి. అది జాడ పట్టాక మరొకటి, తర్వాత ఇంకొకటి. అన్నిటినీ ఒక్కసారి వదిలితే జాడలు కలిసిపోతాయి.

ఈ వరసలో మొక్కు ఎక్కడుందో గమనించండి. వలలు కట్టాక, కుక్కను వదలకముందు. అది కార్యక్రమంలో ఒక మెట్టు. ఆ గ్రంథమే ఇంకో మాట కూడా చెబుతుంది: మరీ చిన్న కుందేలు పిల్లలు కనబడితే మంచి వేటగాళ్ళు వాటిని దేవతకు వదిలేస్తారు. అడవి జంతువులు ఆమె సొత్తు. మనిషి ఆమె అనుమతితో కొంత తీసుకుంటాడు, తీసుకున్నదాంట్లో కొంత తిరిగి ఇస్తాడు. యుద్ధానికీ ఇదే లెక్క. పర్షియన్లతో మారథాన్ పోరుకు ముందు చంపిన శత్రువుకొక మేక చొప్పున బలి ఇస్తామని ఏథెన్స్‌వాళ్ళు ఆర్టెమిస్‌కు మొక్కారు. చచ్చినవాళ్ళ సంఖ్యకు సరిపడా మేకలు దొరక్క ఏటా ఐదువందల చొప్పున చెల్లించాలని తీర్మానించుకున్నారు.

వేట కథల్లో విషాదాలు చాలావరకు ఈ లెక్క తప్పడం నుంచే పుట్టాయి. కాలిడోన్ రాజు ఓయెనియస్ పంట చేతికొచ్చాక దేవతలందరికీ బలులిచ్చి ఆర్టెమిస్‌ను మరిచిపోయాడు, ఆమె పొలాల మీదికి అడవిపందిని తోలింది. ట్రాయ్ మీదికి బయల్దేరిన గ్రీకు సేనాని అగమెమ్నోన్ ఆమె జింకను కొట్టి గొప్పలు చెప్పుకున్నాడు, ఓడలు కదలక కూతురు ఇఫిజెనియాను బలిపీఠం దాకా తెచ్చుకోవలసి వచ్చింది. పాంపేయిలో విషాదకవి ఇల్లు అని పిలిచే ఇంట్లో ఆ దృశ్యాన్ని గోడ మీద వేశారు. తండ్రి ముసుగు కప్పుకొని పక్కకు తిరిగాడు, పైన ఆకాశంలో పిల్లకు బదులుగా జింక వస్తోంది. నిఘంటువు ప్రకారం ఆ జింక నిర్మలత్వం కావాలి. కథ ప్రకారం అది బాకీకి చెల్లు. తీసుకున్నది జింక, కట్టవలసింది జింక, మధ్యలో పిల్ల ప్రాణం తాకట్టు.

అడవిపంది వేట సంగతి వేరు. ఇక్కడ వేటగాడు తన ప్రాణాన్నే పందెం కాస్తాడు. జెనొఫోన్ వర్ణన చదువుతుంటే రాసినవాడు ఆ పని దగ్గరుండి చూశాడని తెలిసిపోతుంది. పందిబల్లెం మొన ఐదు అరచేతుల వెడల్పంత పొడవుండాలి, అంటే సుమారు 37 సెంటీమీటర్లు. మొన దిగువన, కర్ర దూర్చే గొట్టం నడుమ, రెండు పక్కలా గట్టి ఇనుప పళ్ళు ఉండాలి. కర్ర కార్నెల్ అనే గట్టి చెక్కది, యుద్ధపు ఈటె అంత లావు. ఎడమచెయ్యి ముందు, కుడిచెయ్యి వెనక. ఎడమచెయ్యి గురి చూపిస్తుంది, కుడిచెయ్యి తోస్తుంది. ఎడమపాదం ఎడమచేతి వెంట, కుడిపాదం కుడిచేతి వెంట నడవాలి. కాళ్ళు కుస్తీకి నిలబడ్డప్పటికన్నా మరీ ఎక్కువ ఎడంగా ఉండకూడదు. చూపు పంది కంటి మీదే ఉండాలి, దాని తల కదలికను కనిపెడుతూ. ఎందుకంటే అది తల విదిల్చి బల్లేన్ని చేతిలోంచి ఊడగొడుతుంది.

ఊడిపోతే? నేల మీద బోర్లా పడి కింద దొరికినదాన్ని గట్టిగా పట్టుకోవాలి. కోరలు పైకి వంగి ఉంటాయి కాబట్టి నేలకు అతుక్కున్న ఒంటి కిందికి అవి దూరవు, లేచి నిలబడితే మాత్రం చీల్చేస్తుంది. అప్పుడు తోటివాడు బల్లెంతో దగ్గరికొచ్చి పందిని రెచ్చగొట్టి తనవైపు తిప్పుకోవాలి. బల్లేన్ని విసరకూడదు, పడున్నవాడికి తగలొచ్చు. ఇనుప పళ్ళు ఎందుకో కూడా చెప్పాడు. అవి లేకపోతే పొడిచిన తర్వాత కూడా పంది కర్ర మీదుగా ముందుకు తోసుకొచ్చి మనిషిని చేరుతుంది, అంత మొండితనం దానిది. అప్పుడే చచ్చిన పంది కోర మీద వెంట్రుకలు పెడితే కమిలిపోతాయట. ఇది నమ్మనక్కర్లేదు గానీ ఆ జంతువంటే వాళ్ళకెంత హడలో తెలుస్తుంది.

ఇంత ప్రమాదం కాబట్టే పంది వేట మగవాడి ఎదుగుదలకు పరీక్ష అయింది. మాసిడోనియాలో వల సాయం లేకుండా పందిని పొడిచినవాడికే విందులో పక్కమీద ఒరిగి తినే హక్కు. తర్వాత అక్కడ రాజైన కసాండర్ ముప్పైఅయిదేళ్ళు వచ్చినా, ధైర్యవంతుడూ మంచి వేటగాడూ అయినా, ఆ ఒక్క పనీ జరగక తండ్రి పక్కన పిల్లవాడిలా కూర్చునే భోంచేసేవాడని గ్రీకు రచయిత ఎథెనేయస్ రాసిపెట్టాడు. రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉన్న చీజీ పాత్ర క్రీ.పూ. ఏడో శతాబ్దం నడుమది. దాని మీద అట్టడుగు వరసలో పొదల చాటు కుర్రాళ్ళూ కుందేళ్ళూ, పై వరసలో సింహపు వేట, అన్నిటికన్నా పైన డాళ్ళు పట్టి ఎదురెదురుగా నడిచే సైన్యాలు. దీన్ని వయసుల మెట్లుగా చదివిన పండితులున్నారు. ఆ చదువు నాకు సబబుగానే కనిపిస్తుంది. కింద కుందేలు, పైన యుద్ధం, నడుమ మృగరాజు: ఈ వరస కాకతాళీయం కాదు.

ఇప్పుడు కాలిడోన్‌కు వెళదాం. ఫ్లోరెన్స్ పురావస్తు మ్యూజియంలోని ఫ్రాన్స్వా పాత్ర క్రీ.పూ. 570 ప్రాంతంలో తయారైంది. కుమ్మరి ఎర్గొటిమోస్, చిత్రకారుడు క్లెయిటియాస్, ఇద్దరూ సంతకాలు చేశారు. ఎత్తు 66 సెంటీమీటర్లు, మీద రెండువందలకు పైగా బొమ్మలు. (1900లో ఒక మ్యూజియం కాపలావాడు కోపంలో స్టూలు విసిరి దీన్ని 638 ముక్కలు చేశాడు. ఇవాళ మనం చూసేది అతికించినది.) అంచు పట్టీలో పంది నడుమ ఉంది. ఎదురుగా ఓయెనియస్ కొడుకు మెలియేగర్, పీలియస్ జంట, వాళ్ళ వెనకే వేటగత్తె అటలాంటా, మెలానియోన్. వెనకనుంచి కాస్టర్, పాలిడ్యూసెస్. పంది కాళ్ళ కింద ఒక మనిషి శవం, పంది వీపు మీదికి ఎగబాకిన కుక్క. వీరులకే కాదు, కుక్కలకు కూడా పేర్లు రాశాడు క్లెయిటియాస్. అటలాంటాను తెల్లరంగుతో వేశాడు, ఆ కాలపు నల్లబొమ్మల పద్ధతిలో ఆడవాళ్ళ ఒంటికి వాడే రంగది. మగవాళ్ళ నల్ల వరసలో ఆమె ఒక్కతే తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జరగబోయే తగువంతా ఆ తెల్లటి చుక్క చుట్టూనే.

కథ తెలిసిందే. తరవాతి కథకులు చెప్పినట్టయితే మొదటి గాయం చేసింది అటలాంటా బాణం, చంపింది మెలియేగర్ బల్లెం. అతను తోలు ఆమెకిచ్చాడు. మేనమామలు లాక్కున్నారు, అతను వాళ్ళను చంపాడు, తల్లి ఆల్థియా అతని ఆయుష్షు ముడిపడిన కొరివిని నిప్పుల్లో వేసింది. పంది చంపినవాళ్ళు తక్కువ, పంది తోలు చంపినవాళ్ళు ఎక్కువ. మొదటి గాయానిదా హక్కు, చివరి పోటుదా? ఈ ప్రశ్న తెలుగువాళ్ళకు కొత్తది కాదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద కిరాతార్జునీయం చూసినవాళ్ళకు గుర్తొచ్చే ఉంటుంది. అక్కడా పందే, అక్కడా ఇద్దరి బాణాలు, అక్కడా నాదంటే నాదన్న కలహం. అయితే అక్కడ పోటీదారు శివుడే కావడంతో కలహం వరంగా ముగిసింది. కాలిడోన్‌లో దేవత పంపకంలోకి దిగదు. తగువు పెట్టి తప్పుకుంటుంది.

రోమన్లు ఈ వేటను రాతి శవపేటికల మీద విరివిగా చెక్కించారు, ముఖ్యంగా క్రీ.శ. రెండు, మూడు శతాబ్దాల్లో. వయసులో పోయినవాడికి మెలియేగర్‌ను మించిన పోలిక దొరకదు. ఆ పేటికల్లో వేట దృశ్యంతో పాటు శవాన్ని మోసుకొచ్చే దృశ్యమూ ఉంటుంది. వేలాడే చెయ్యి, వాలిపోయిన తల, మోసేవాళ్ళ బిగిసిన కండలు. అలాంటి ఒక శిల్పంలో శవం ప్రతి అవయవమూ చచ్చినట్టే ఉందని 1435లో ఇటలీ పండితుడు అల్బెర్టి తన చిత్రకళా గ్రంథంలో మెచ్చుకున్నాడు. 1507లో రాఫేల్ క్రీస్తు దేహాన్ని మోసుకెళ్ళే చిత్రం వేసినప్పుడు (ఇప్పుడది రోమ్‌లోని బోర్గీజ్ గ్యాలరీలో ఉంది) ఆ మోత పద్ధతిని ఇక్కడినుంచే తెచ్చుకున్నాడు. పంది తోలు తగాదాలో పోయిన వేటగాడి శవం అలా క్రైస్తవ చిత్రంలోకి చేరింది.

రూబెన్స్ 1611–12 ప్రాంతంలో వేసిన కాలిడోన్ వేట లాస్ ఏంజెలస్ గెట్టీ మ్యూజియంలో ఉంది. వేట బొమ్మలు వేసినవాళ్ళలో బరువు తెలిసినవాడు రూబెన్స్. మెలియేగర్ ఒళ్ళంతా ముందుకు వాల్చి బల్లెం మీద మోపాడు. చాలామంది చిత్రకారులు ఇక్కడే బోల్తా పడతారు. వీరుడు నిటారుగా, అందంగా నిలబడి, బల్లేన్ని ఒక చేత్తో పట్టుకొని పందిని గుచ్చుతున్నట్టు వేస్తారు. నూరు కిలోల పైబడిన జంతువు దూసుకొస్తుంటే ఆ భంగిమలో మణికట్టు విరుగుతుంది. అలాంటి బొమ్మలో పంది వట్టి అలంకారం, ప్రమాదం లేదు, కాబట్టి తోలుకు విలువా లేదు. రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయా, పాదాలు చేతుల్ని అనుసరించాయా అని చూస్తే చాలు, చిత్రకారుడు వేటను ఎంత గట్టిగా పట్టించుకున్నాడో తెలిసిపోతుంది.

మళ్ళీ ఆక్టియోన్. ఈ కథను అందరూ ఒకేలా చెబుతారు: స్నానమాడుతున్న దేవతను చూశాడు, ఆమె జింకగా మార్చింది, కుక్కలు చీల్చాయి. కానీ మనకు దొరికే ఆధారాల్లో స్నానం మొదట కనిపించేది క్రీ.పూ. మూడో శతాబ్దపు కవి కల్లిమాకస్ దగ్గర. అంతకు ముందు తప్పు వేరు. ఒక కథనంలో అతను దేవతల రాజు జ్యూస్ మనసుపడ్డ సెమెలేను కోరాడు. యూరిపిడీస్ నాటకంలో వేటలో ఆర్టెమిస్ కన్నా తానే మేటినని చెప్పుకున్నాడు. అందుకే క్రీ.పూ. అయిదో శతాబ్దపు పాత్రల మీద కొలనూ లేదు, నగ్నదేవతా లేదు. పాన్ పెయింటర్ ఆర్టెమిస్ నిండా బట్టలతో ఉంది. అయినా ఆ పాత్ర పక్కన స్నానం కథ చెప్పేసే వివరణలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏడెనిమిది తరాల తర్వాతి కారణాన్ని తెచ్చి పాత బొమ్మకు అంటగట్టడమే అది.

ఈ కథలో చిత్రకారుడికి ఒక సాంకేతికమైన చిక్కుంది. ఆక్టియోన్‌ను పూర్తిగా జింకగా వేస్తే అది మామూలు జింక వేట అయిపోతుంది, ఎవరు చస్తున్నారో తెలియదు. పూర్తిగా మనిషిగా వేస్తే కుక్కలకు పిచ్చెక్కి యజమానిని కరిచినట్టు ఉంటుంది, శిక్ష కనబడదు. సిసిలీలో సెలినుంటే ఆలయానికి క్రీ.పూ. 460 తర్వాత చెక్కిన రాతిపలకలో (ఇప్పుడది పలెర్మోలో ఉంది) శిల్పి జింకతోలును మనిషికి చుట్టాడు. ఆర్టెమిస్ అతని మీద జింకతోలు కప్పి కుక్కల్ని మోసగించిందని ప్రాచీన గ్రీకు కవి స్టెసికోరస్ చెప్పిన కథకు ఇది దగ్గర. క్రీ.పూ. 440 ప్రాంతపు మరో బోస్టన్ పాత్రలో లైకాన్ పెయింటర్ రెండు పనులు చేశాడు. ఆక్టియోన్ తల మీద చిన్న కొమ్ములు మొలిపించాడు. పిచ్చికి అధిదేవత అయిన లిస్సాను తెచ్చి పక్కన నిలబెట్టి, ఆమె నెత్తిన ఒక కుక్క తలను పెట్టాడు. కుక్కలకు యజమాని ఎందుకు గుర్తు రాలేదో ఆ ఒక్క తలతో చెప్పేశాడు. నాకు తెలిసిన పరిష్కారాల్లో ఇంత తెలివైనది ఇంకొకటి లేదు. పద్దెనిమిదో శతాబ్దం చివరిలో కసెర్టా రాజోద్యానంలోని జలపాతం దగ్గరికి వచ్చేసరికి మనిషి ఒంటి మీద ఏకంగా జింక తలే నిలిచింది.

రోమన్ కవి ఓవిడ్ ఈ మార్పును కొమ్ములతో మొదలుపెట్టి మెడ, చెవులు, చేతులు, చర్మం వరసలో చెప్పాడు. మనసు మాత్రం మారలేదు. ఆ తర్వాత ముప్పైకి పైగా కుక్కల పేర్లు ఏకరువు పెట్టాడు: మెలాంపస్, ఇక్నొబేటిస్, పాంఫగస్, డోర్సియస్, ఒరిబసస్... చాలామంది పాఠకులు ఈ పట్టికను దాటేస్తారు. దాటకూడదు. కుక్క పేరు చిన్నగా ఉండాలి, గట్టిగా పిలవడానికి వీలుండాలి అని జెనొఫోన్ చెప్పి, నలభైఏడు పొట్టి పేర్లు రాసిచ్చాడు. వేటగాడి అసలు ఆయుధం గొంతు. వదలడం, ఆపడం, మళ్ళించడం అన్నీ పిలుపుతోనే. ఓవిడ్ పేర్లన్నీ మనకు వినిపించాడు, వాటిని పిలవవలసినవాడికి గొంతు లేకుండా చేశాడు. తోటి వేటగాళ్ళేమో కుక్కల్ని ఉసిగొల్పుతూ, ఇంత మంచి వేట చూడటానికి ఆక్టియోన్ లేడే అని అతన్నే పేరుపెట్టి పిలుస్తున్నారు. మహాభారతం ఆదిపర్వంలో పాండురాజు కొట్టిన జింక కిందముడనే ముని. బాణం తగిలాక ఆ జింక మాట్లాడుతుంది, తప్పొప్పులు వాదిస్తుంది, శపిస్తుంది. అక్కడ జింకకు గొంతుంది కాబట్టి అది ధర్మచర్చ అయింది. ఆక్టియోన్‌కు గొంతు లేదు కాబట్టి చర్చ లేదు.

ఈ రెండు సంప్రదాయాలూ, అంటే జెనొఫోన్ వేటా ఓవిడ్ కథా, ఒకచోట కలిసింది పదహారో శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు టీషన్ దగ్గర. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం అతను వేసిన పురాణ చిత్రాల్లో వేట పదే పదే వస్తుంది. 1554లో పంపిన వీనస్–అడోనిస్ చిత్రం ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడోలో ఉంది. ఫిలిప్ అప్పుడు ఇంగ్లండ్ రాణి మేరీ ట్యూడర్‌ను పెళ్ళాడి లండన్‌లో ఉన్నాడు. చిత్రం మడతపడి వచ్చిందని ఫిర్యాదు కూడా చేశాడు. అందులో వేటకు బయల్దేరిన యువకుడు అడోనిస్ చేతిలో బల్లెం, కుక్కల తాళ్ళు. అతన్ని ప్రేమించిన దేవత వీనస్ వెనకనుంచి లాగుతోంది. క్యూపిడ్ నిద్రపోతున్నాడు, అతని అంబులపొది చెట్టుకు వేలాడుతోంది. నిఘంటువు ఇక్కడ కోరిక, విరక్తి అని ముగిస్తుంది. ఓవిడ్ కథలో వీనస్ చెప్పిన మాట తెలిస్తే సంగతి మారుతుంది. కుందేళ్ళనూ జింకల్నీ వేటాడు, పందుల జోలికీ సింహాల జోలికీ పోకు అందామె. చీజీ పాత్ర మెట్లలో ఇది కింది వరసలోనే ఉండిపొమ్మనడం. మాసిడోనియా భాషలో చెబితే, కూర్చునే భోంచెయ్యమనడం. అడోనిస్ వెళ్ళేది పెద్దవాడు కావడానికి. ఆ పందే అతన్ని చంపుతుంది.

ఆర్టెమిస్‌కు రోమన్లు పెట్టుకున్న పేరు డయానా. టీషన్ డయానా–ఆక్టియోన్ (1556–59) సుమారు 185 సెంటీమీటర్ల ఎత్తు, రెండు మీటర్లు దాటిన వెడల్పు గల చిత్రం. 2009లో లండన్ నేషనల్ గ్యాలరీ, స్కాట్లాండ్ జాతీయ గ్యాలరీలు కలిసి 5 కోట్ల పౌండ్లకు కొన్నాయి. దాని జంట అయిన డయానా–కలిస్టోను 2012లో 4.5 కోట్లకు తీసుకున్నాయి. ఆక్టియోన్ ఎర్రతెర తొలగించి నిలబడ్డాడు. నడుమ రాతిస్తంభం మీద జింక పుర్రె, పైన కొమ్మకు వేలాడే తోళ్ళు. రాబోయే చావుకు సూచన అని అందరూ రాస్తారు, తప్పు కాదు. కానీ వేటలో దొరికిన తలల్నీ తోళ్ళనూ కొమ్ముల్నీ చెట్టుకు వేలాడదీసి వేటదేవతకు సమర్పించడం గ్రీకు, రోమన్ ఆచారం. అలాంటి సమర్పణల మీద చిన్న పద్యాలు చాలానే మిగిలాయి. అంటే ఆ పుర్రె, ఆ తోళ్ళు దేవతకు చేరిన వాటాలు. ఓవిడ్ కథలో ఆక్టియోన్ ఆ పొద్దు వేట ముగించాడు, వలలూ ఇనుమూ నెత్తురుతో తడిసి ఉన్నాయి, చాలు అన్నాడు. వాటా మాట ఎక్కడా లేదు. టీషన్ చిత్రంలో అతను ఖాళీ చేతులతో వాటాలు వేలాడే చోటికి వచ్చాడు.

డయానా ఒళ్ళోకెక్కే బుల్లి కుక్క ఆక్టియోన్ వేటకుక్కను చూసి మొరుగుతోంది. కుక్కల్లో ఒకటి ముద్దుకు, ఒకటి పనికి. ఈ తేడా ఫిలిప్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. యూరప్ రాజుల జింక వేటలో చివరి తంతు కుక్కల వాటాయే. జింకను కోసి, తోలు పరిచి, పేగులూ నెత్తురులో నానిన రొట్టె దాని మీద పోసి, సైగ అయ్యేదాకా కుక్కల్ని ఆపి, తర్వాత కొమ్ముబూర ఊదుతూ వదిలేవారు. పద్నాలుగో శతాబ్దం చివర ఫ్రెంచి ప్రభువు గస్తోన్ ఫెబస్ తన వేట గ్రంథంలో ఈ తంతును వివరంగా రాశాడు. అది కుక్కలకు బహుమానమూ, మర్నాటికి శిక్షణా. తోలు మీది ముద్దకు అలవాటుపడిన కుక్కలు ఆక్టియోన్ కథలో తోలు లోపలి యజమాని దాకా వెళ్ళాయి. ఆ తంతును స్వయంగా నడిపించిన ప్రేక్షకుడికి ఈ చిత్రం ఇచ్చే జంకు మ్యూజియంలో చూసే మనకు రాదు.

ఇదంతా వదిలి ఆక్టియోన్‌ను లోపలి మనిషిగా చదివినవాళ్ళూ ఉన్నారు. ప్రేమలో తన ఆలోచనలే తనను తరుముతున్నాయని ఇటలీ కవి పెట్రార్క్ తనను ఆ జింకగా చెప్పుకున్నాడు. సత్యాన్ని వేటాడే బుద్ధి చివరికి సత్యానికే ఆహారమవుతుందని 1585లో ఇటలీ తత్వవేత్త జోర్డానో బ్రూనో రాశాడు. వీళ్ళందరికన్నా నాకు నచ్చేవాడు ప్రాచీన గ్రీకు వ్యాఖ్యాత పలేఫాటస్. కుక్కలు యజమానిని తినడమేమిటి, పొలం గాలికొదిలి కుక్కల మీద, వేట మీద ఆస్తి తగలేశాడు, అందుకే కుక్కలు తినేశాయన్నారు అని తేల్చేశాడు. మోటుగా ఉన్నా అతనూ లెక్కల పుస్తకమే తెరిచాడు.

పంపకం మాయమైనచోట వేట బొమ్మ ఏమవుతుందో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో చూడవచ్చు. వెర్సాయ్ డయానాగా పేరుపడ్డ పాలరాతి విగ్రహం, గ్రీకు కంచు మూలానికి రోమన్ నకలు. 1556లో పోప్ నాలుగో పాల్ ఫ్రెంచి రాజు రెండో హెన్రీకి కానుకగా ఇచ్చాడు. ఆమె కుడిచేత్తో అంబు తీస్తోంది, పక్కన కొమ్ముల జింక పరుగెత్తుతోంది. జింక వేటా, తోడా? వాదించేముందు ఒకటి తెలుసుకోవాలి. 1602లో శిల్పి బార్తెలెమీ ప్రియర్ ఈ విగ్రహానికి చేతులు మొదలైన భాగాల్లో మరమ్మతులు చేశాడు. మరమ్మతు చేసిన చేతుల మీద ప్రతీకలు కట్టడం ఇసుక మీద గోడ కట్టడమే. అదే హెన్రీ ప్రియురాలు డయాన్ ద పువాటియే పేరు కలిసొచ్చి తనను ఆ దేవతగా చిత్రింపజేసుకుంది. నెలవంక, విల్లు, కుక్క ఆమె ముద్రలయ్యాయి. అక్కడ వేట లేదు, హోదా ఉంది.

రెండు వందల ఏళ్ళ తర్వాత 1742లో ఫ్రెంచి చిత్రకారుడు బూషే వేసిన డయానా స్నానం చిత్రంలో విల్లుంది, అంబులపొది ఉంది, దప్పిక తీర్చుకుంటున్న కుక్క ఉంది, చచ్చిన పిట్టలూ కుందేలూ కుప్పగా ఉన్నాయి. ఆక్టియోన్ లేడు. దేవత ఒంటి చర్మం వేసిన నేర్పుకు వంక పెట్టలేం. కానీ కుందేలు మీద గాయం కనబడదు, కుక్కలకు ఆకలి లేదు, ఎవరికీ ఏదీ బాకీ లేదు. చూసేవాడే ఆక్టియోన్ అని దీన్ని సమర్థించేవాళ్ళున్నారు. శిక్ష లేని ఆక్టియోన్ ఏం ఆక్టియోన్? ఇక్కడ నిఘంటువు చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే వస్తువులు తప్ప బొమ్మలో జరుగుతున్నది ఏమీ లేదు.

చివరగా టీషన్ ఆక్టియోన్ మరణం, 1972 నుంచి లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నది. ఆక్టియోన్‌ను కుక్కలు చీల్చే చిత్రం గురించి 1559 జూన్‌లో ఫిలిప్‌కు రాసిన ఉత్తరంలోనే ప్రస్తావించాడు. 1576లో చనిపోయేదాకా పంపలేదు. మనిషి ఒంటి మీద జింక తల, పైకెక్కిన కుక్కలు, ఎడమవైపు నిలువెత్తు డయానా. ఓవిడ్ దగ్గర ఆమెకు బాణాలు అందక నీళ్ళు చల్లింది. టీషన్ ఆమెకు విల్లు ఇచ్చాడు, తెలిసో తెలియకో పాన్ పెయింటర్ పద్ధతికే తిరిగి వెళ్ళాడు. అయితే ఆ వింటికి నారి కనబడదు, అంబూ లేదు. దైవశక్తికి నారి అక్కర్లేదని ప్రతీకలు వెతికేవాళ్ళు రాస్తారు. పొదలు గరుకు గీతలుగానే ఉన్నాయి, నీళ్ళు మరకల్లా ఉన్నాయి, చాలాచోట్ల రంగు పైపొర పడనే లేదు. నారి అంత సన్నని గీత చిత్రంలో ఆఖరున వేసేది. టీషన్ అక్కడిదాకా రాలేదు, అంతే.